యంత్రం మూలన పడిందా? ముందు కార్బురేటరు చూడండి

– ఒక క్షేత్రాధికారి

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకులు రాలగానే పల్లెల్లో రెండు రకాల శబ్దాలు వినవస్తాయి. ఒకటి, పనికి బయలుదేరిన యంత్రాల శబ్దం. రెండవది, స్టార్టింగు తాడు లాగి లాగి అలసిపోయిన రైతు నిట్టూర్పు. ఆరు నెలల పాటు పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పుకొని నిద్రించిన పవర్ వీడరు, అసలు పని పడిన రోజున ఉలకదు, పలకదు. కలుపు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

కొన్ని సంవత్సరాల క్రితం మా శాఖ పరిధిలో ఒక మహిళా రైతు బ్యాంకు అప్పుతో పెట్రోలు ఇంజను గల పవర్ వీడరు కొన్నారు. తన రెండెకరాల పత్తిలో అంతర సేద్యం చేసుకొని, ఇరుగు పొరుగు చేలకు అద్దెకు తిప్పి కిస్తీలు కట్టాలని ఆమె ఆలోచన. మొదటి సంవత్సరం అలాగే జరిగింది. రెండవ సంవత్సరం యంత్రం కదలలేదు. పట్టణంలోని షెడ్డువారు ఇంజను బోరు పోయిందన్నారు. మరమ్మతుకు ఏడు వేల రూపాయలు అవుతుందన్నారు. రెండు కిస్తీలు తప్పాయి. తనిఖీకి వెళ్లిన నేను తాడు నాలుగుసార్లు లాగించి చూశాను. పలకలేదు. “యంత్రము నిరుపయోగముగా నున్నది” అని నివేదిక వ్రాసి సంతకం చేశాను. చివరకు బ్యాంకు అనుమతితోనే ఆమె దానిని కొన్న ధరలో నాలుగవ వంతుకు అమ్ముకున్నారు. వచ్చిన సొమ్ము అప్పుకు జమ అయినా బాకీ తీరలేదు. మిగిలినది కూలి చేసి కట్టారు.

పదిహేను రోజుల తరువాత అదే యంత్రం పక్క గ్రామం చేనులో చక్కగా తిరుగుతూ కనిపించింది. కొన్న వ్యక్తిని అడిగాను. “ఇందులో ఏముంది సార్, కార్బురేటరు గిన్నె విప్పి కడిగాను. సన్న బెజ్జంలో జిగురు పట్టింది. అంతే” అన్నాడు. అతనికి అయిన ఖర్చు ఒక సీసా పెట్రోలు, ఒక పూట శ్రమ. ఆమెకు అయిన ఖర్చు ఒక జీవనాధారం. ఆ నివేదికపై ఉన్న సంతకం నాది.

ఆ తరువాత నేను ఈ విషయాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాను. మూలన పడ్డ చిన్న పెట్రోలు ఇంజను ఎక్కడ కనిపించినా ముందుగా కార్బురేటరు సంగతే అడుగుతున్నాను. నేర్చుకున్నది రైతు సోదర సోదరీమణులతోను, డీలర్లతోను పంచుకొనటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్బురేటరు చేసే పని ఏమిటి?

పెట్రోలు ద్రవరూపంలో మండదు. ఆవిరై, తగిన పాళ్లలో గాలితో కలిసినప్పుడే ఇంజనులో మండి శక్తినిస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్లు కుదిర్చే పరికరమే కార్బురేటరు.

దీని వెనుక ఉన్న సూత్రం సులభమైనది. గాలి ఇరుకు దారిలో వేగంగా పోయేటప్పుడు అక్కడ దాని ఒత్తిడి తగ్గుతుంది. 1738లో బెర్నౌలీ ప్రకటించిన సూత్రం ఇదే. ఇంజను గాలిని పీల్చినప్పుడు ఆ గాలి కార్బురేటరు గొంతులోని ఇరుకు భాగం గుండా దూసుకుపోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గటం వలన క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి చిమ్మి గాలిలో కలుస్తుంది. ఈ సన్నని రంధ్రం గల ఇత్తడి ముక్కనే జెట్టు అంటాము.

చాలా కార్బురేటర్లలో రెండు దారులు ఉంటాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్టు. బరువు మీద పనిచేసేటప్పుడు ఇచ్చేది మెయిన్ జెట్టు. గిన్నెలో ఒక తేలిక బుడ్డి తేలుతూ ఉంటుంది. దీనిని ఫ్లోటు అంటారు. మన ఇంటి నీళ్ల ట్యాంకులో తేలే బంతి నీటి మట్టాన్ని కాపాడినట్లే, ఈ ఫ్లోటు తనకు తగిలించిన చిన్న సూది సాయంతో పెట్రోలు మట్టాన్ని కాపాడుతుంది. చల్లని ఇంజను స్టార్టు చేసేటప్పుడు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే తలుపే చోక్.

పైలట్ జెట్టు రంధ్రం కుట్టుసూది మొనకంటె పెద్దదేమీ కాదు. అందులో ఒక ఇసుక రేణువు గాని, ఒక జిగురు పొర గాని చేరితే చాలు, వేలకు వేలు పోసి కొన్న యంత్రం ఆగిపోతుంది. ఇంజనులో మరే భాగమూ ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద నష్టం తెచ్చిపెట్టదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాలు చాలా వరకు కార్బురేటరు వదలి ఇంధన ఇంజెక్షనుకు మారాయి. కాని పవర్ వీడర్లు, పెట్రోలు పంపుసెట్లు, భుజాన వేసుకొనే స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలలో కార్బురేటరు నేటికీ కొనసాగుతున్నది. అంతకు ముందు కొన్న మోపెడ్లు వేల సంఖ్యలో మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. కనుక ఈ పరిజ్ఞానానికి కాలం చెల్లలేదు.

పెట్రోలు మారింది, మన అలవాటు మారలేదు

నిలవ ఉన్న పెట్రోలు నిలవ ఉన్న ధాన్యం వంటిది కాదు. దానిలోని తేలిక భాగాలు త్వరగా ఆవిరైపోతాయి. మిగిలిన బరువు భాగాలు గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగా జిగురుగా, ఆపై పచ్చని వార్నిషు పొరగా మారుతాయి. ట్యాంకులో ఎక్కువ పరిమాణం ఉండటం వలన ఇది ఆలస్యమవుతుంది. కార్బురేటరు గిన్నెలో నిలిచేది ఒక టీ గ్లాసు కూడా నిండని పెట్రోలు. అది త్వరగా ఆవిరై, జిగురు మొత్తం జెట్ల మీద మిగులుతుంది. యంత్రం పనిచేస్తూ అరగటం కంటె పని లేక చెడటమే ఎక్కువ అనటానికి కారణం ఇదే.

దీనికి తోడు పెట్రోలు కూర్పు కూడా మారింది. మన దేశంలో ఇథనాల్ కలిపిన పెట్రోలు కార్యక్రమం 2003లో ప్రారంభమైంది. 2022 జూన్ నాటికి 10 శాతం మిశ్రమం సాధించారు. 20 శాతం మిశ్రమం 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. చెరకు నుంచి, ధాన్యం నుంచి వచ్చే ఇథనాల్ మన రైతులకు మార్కెట్టు కల్పిస్తున్న మాట నిజమే. అయితే చిన్న ఇంజను యజమాని దీని స్వభావం తెలుసుకొని మసలుకోవాలి.

మొదటిది, ఇథనాల్ నీటిని ఇముడ్చుకుంటుంది. కొద్దిపాటి నీరు చేరితే అది పెట్రోలులో కలిసిపోయి ఇంజను గుండా వెళ్లిపోతుంది. మోతాదు మించితే మాత్రం ఇథనాలు, నీరు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాపు ఉండేది అడుగునే కనుక ఇంజనుకు ముందుగా అందేది ఆ నీళ్లే. వానలో తడిసిన మూత, ఎండావానలకు ఆరుబయట నిలిపిన యంత్రం, మూత లేని డబ్బాలో తెచ్చిన పెట్రోలు, ఇవే నీరు చేరే మార్గాలు.

రెండవది, ఇథనాల్‌కు పాత మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకొని ఉన్న జిడ్డు కదిలి వచ్చి జెట్టులో చిక్కుకుంటుంది. మూడవది, పాత నమూనాలలోని కొన్ని రకాల రబ్బరు గొట్టాలు, వాషర్లు దీని వలన ఉబ్బటమో, పగలటమో జరుగుతుంది. నీటితో కూడిన ఇథనాల్ తగిలిన అల్యూమినియం గిన్నె లోపల తెల్లని పొడి ఏర్పడుతుంది. గిన్నె విప్పినప్పుడు ఆ పొడి కనిపిస్తే నీరు చేరిందని గ్రహించాలి.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పెట్రోలులో నీళ్లు కలిశాయా అని కొందరు సీసాలో పెట్రోలు, నీరు పోసి కుదిపి చూస్తుంటారు. తొంభై మిల్లీలీటర్ల పెట్రోలులో పది మిల్లీలీటర్ల నీరు పోసి కుదిపితే, ఇథనాల్ అంతా నీటి వైపు చేరి అడుగు పొర సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. అది చూసి బంకువారు మోసం చేశారని తగవుకు దిగుతారు. ఆ పెరిగినది ఇథనాల్ మాత్రమే. నీరు కలపకుండానే సీసాలో పెట్రోలు పట్టి పది నిమిషాలు కదలకుండా ఉంచినప్పుడు అడుగున వేరే పొర తేలితే, అప్పుడే నీరు చేరినట్లు.

విప్పటానికి ముందు చూడవలసినవి

ఇంజను స్టార్టు కావటానికి నాలుగు కావాలి: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. కార్బురేటరు చూడండి అన్నాము కదా అని వెంటనే పానా చేత పట్టరాదు. ఖర్చు లేని పరీక్షలు ముందు చేయాలి.

పెట్రోలు ట్యాపు, ఇంజను స్విచ్చి తెరిచి ఉన్నాయా చూడండి. నవ్వులాటగా తోచవచ్చు గాని, షెడ్డుకు చేరిన యంత్రాలలో ఇటువంటివి లేకపోలేదు. ఇంజను ఆయిలు మట్టం చూడండి. చాలా ఇంజనులలో ఆయిలు తగ్గితే తనంతట తాను ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. ఆ సమయంలో ఎన్నిసార్లు తాడు లాగినా ఫలితం ఉండదు.

ట్యాంకు మూత వదులు చేసి ప్రయత్నించండి. మూతకు గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే పెట్రోలు క్రిందికి దిగదు. పది పదిహేను నిమిషాలు బాగా తిరిగి, ఆపై ఆగి, కొంతసేపు ఆరిన తరువాత మళ్లీ స్టార్టయ్యే యంత్రానికి తరచు ఇదే జబ్బు.

ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. ఎర్రనేలల్లో, పొడి దుక్కిలో పనిచేసిన యంత్రం ఫిల్టరు దుమ్ముతో గట్టిపడి ఉంటుంది. స్పాంజి రకమైతే సబ్బు నీటితో కడిగి, నీడన ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిలు వేసి పిండి తిరిగి బిగించాలి. కాగితం రకమైతే దులపాలి గాని కడగరాదు. ఫిల్టరు లేకుండా ఇంజనును ఎన్నడూ నడపరాదు. అలా నడిపితే షెడ్డువారు చెప్పే బోరు జబ్బు నిజంగానే వస్తుంది.

తరువాత స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. ప్లగ్గు ఇంజను నాడి వంటిది. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే పాళ్లు సరిగా ఉన్నట్లు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా మాడినట్లుంటే పెట్రోలు తక్కువ. తాడు పలుమార్లు లాగిన తరువాత కూడా ప్లగ్గు పూర్తిగా పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరుకు చేరటం లేదని అర్థం. అప్పుడు నేరం కార్బురేటరుదో, దాని ముందున్న ట్యాపుదో. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంజను మునిగినట్లు. ప్లగ్గు తుడిచి, చోక్ తెరిచి, ట్యాపు కట్టి నాలుగుసార్లు తాడు లాగి, ఆరిన తరువాత ప్రయత్నించాలి.

లక్షణాన్ని బట్టి లోపం

పై పరీక్షలలో ఏదీ దొరకనప్పుడు ఇంజను నడిచే తీరే లోపం చెబుతుంది.

చోక్ వేస్తే స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతున్నది: పెట్రోలు చాలటం లేదు. పైలట్ జెట్టు గాని, మెయిన్ జెట్టు గాని మూసుకొని ఉంటుంది. లేదా కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న గాస్కెట్టు పగిలి దొంగగాలి చొరబడుతూ ఉంటుంది. ఆరు నెలలు మూలన ఉన్న యంత్రాలలో నేను అన్నిటికంటె ఎక్కువగా చూసిన లక్షణం ఇదే.

నెమ్మదిగా నడవదు, వేగంగా నడుస్తుంది: పైలట్ జెట్టు మూసుకున్నది.

ఖాళీగా బాగా తిరిగి, నేలలో దించగానే మూలుగుతూ ఆగిపోతున్నది: మెయిన్ జెట్టు సగం మూసుకున్నది. గిన్నెకు పెట్రోలు చాలినంత అందకపోవటం కూడా కారణం కావచ్చు. ట్యాపు అడుగున ఉన్న జల్లెడ చూడాలి.

వేగం పెరుగుతూ, తగ్గుతూ ఊగుతున్నది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. జెట్లు శుభ్రపరచాలి. గాస్కెట్టు చూడాలి. గవర్నరు స్ప్రింగును మాత్రం కదిలించవద్దు. చాలామంది అక్కడే పొరపాటు చేసి చిన్న జబ్బును పెద్దది చేస్తారు.

నల్లని పొగ, పెట్రోలు ఖర్చు ఎక్కువ: చోక్ తలుపు పూర్తిగా తెరుచుకొనటం లేదు, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకున్నది, లేదా గిన్నెలో మట్టం పెరిగింది.

కార్బురేటరు నుంచి పెట్రోలు కారుతున్నది: ఫ్లోటు సూది క్రింద దుమ్ము చిక్కుకున్నది, లేదా ఫ్లోటుకు చిల్లుపడి మునిగిపోతున్నది. గిన్నెపై స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా రెండు దెబ్బలు తడితే చిక్కిన సూది ఒక్కొక్కప్పుడు విడివడుతుంది. ఈ జబ్బును ఉపేక్షించరాదు. కారిన పెట్రోలు ఇంజను లోపలికి దిగి ఆయిలులో కలుస్తుంది. ఆయిలు కొలకర్రకు పెట్రోలు వాసన వచ్చినా, మట్టం పెరిగినట్లు కనిపించినా ఆ ఆయిలు మార్చిన తరువాతనే ఇంజను నడపాలి. పలచబడిన ఆయిలుతో నడిపితే బేరింగులు దెబ్బతింటాయి.

శుభ్రపరచే విధానం

నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజనులలో గిన్నె విప్పి కడగటానికి కార్బురేటరు మొత్తం ఊడదీయనక్కర లేదు. పది నంబరు పానా, చదును మొన గల స్క్రూడ్రైవరు, శుభ్రమైన గుడ్డ, ఒక వెడల్పు పళ్లెం ఉంటే చాలా నమూనాలకు సరిపోతుంది.

ముందుగా ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. ఆరుబయట పని పెట్టుకోవాలి. దరిదాపుల్లో బీడీ, చుట్ట, పొయ్యి ఉండరాదు. స్పార్క్ ప్లగ్గు తొడుగు ఊడదీయాలి. పెట్రోలు ట్యాపు కట్టి, గిన్నె అడుగున ఉన్న బోల్టు వదులు చేసి, లోపలి పెట్రోలును గాజు సీసాలోకి పట్టాలి. ఈ సీసాయే వైద్యుని పరీక్ష. అందులో నీటి బొట్లు ఉన్నాయా, తుప్పు ఉన్నదా, రంగు మారి పుల్లని వాసన వేస్తున్నదా గమనించండి.

తరువాత గిన్నె దింపాలి. దింపే ముందు సెల్‌ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. గిన్నె రబ్బరు రింగును పెట్రోలులో నానబెట్టవద్దు. ఉబ్బిపోయి తిరిగి గాడిలో కూర్చోదు. ఫ్లోటు ఇరుసు పిన్ను మెల్లగా లాగితే ఫ్లోటు, సూది చేతికి వస్తాయి. సూది రబ్బరు మొన మీద గాడి పడి ఉంటే సూది మార్చాలి.

మధ్య స్తంభం లోపల మెయిన్ జెట్టు ఉంటుంది. సరిపోయే స్క్రూడ్రైవరుతోనే విప్పాలి. ఇత్తడి మెత్తని లోహం కనుక చిన్న మొనతో ప్రయత్నిస్తే గాడి చెదిరిపోతుంది. జెట్టును వెలుతురు వైపు ఎత్తి పట్టి చూడండి. గుండ్రని వెలుగు చుక్క కనిపించాలి. వెలుగు కనిపించకపోయినా, చంద్రవంక వలె కనిపించినా అదే దొంగ.

జెట్టులో ఇనుప తీగ, సైకిలు బ్రేకు తీగ, కుట్టుసూది ఎట్టి పరిస్థితులలోను దూర్చరాదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు పాలు శాశ్వతంగా పెరిగిపోతుంది. కార్బురేటరు శుభ్రపరచే స్ప్రే చల్లి నానబెట్టి, సైకిలు షాపు గాలి పంపుతో ఊదటం ఉత్తమం. అప్పటికీ వదలకపోతే కరెంటు వైరులోని ఒకే ఒక రాగి పోచను మెల్లగా దూర్చవచ్చు. జెట్టు పైన ఉన్న సన్న గొట్టానికి అడ్డంగా చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటినీ వదలకూడదు. నోటితో పెట్రోలు పీల్చటం, ఊదటం ప్రాణాపాయం. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తిరిగి బిగించిన తరువాత ట్యాపు తెరిచి రెండు నిమిషాలు వేచి, ఎక్కడా కారటం లేదని చూసుకొని కొత్త పెట్రోలుతో స్టార్టు చేయాలి. పాత పెట్రోలునే తిరిగి పోస్తే చేసిన శ్రమ వృథా. మిశ్రమం స్క్రూ ఉన్న నమూనాలలో దానిని మెల్లగా చివరి వరకు బిగించి, కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని చుట్లు వెనుకకు త్రిప్పాలి. ఇంజను వేడెక్కిన తరువాతనే వేగం సరిచేయాలి. ఇంత చేసినా ఇంజను పలకకపోతే అప్పుడు మెకానిక్కు వద్దకు వెళ్లటం సబబు. అప్పటికి మీరు ఏమేమి చూశారో చెప్పగలుగుతారు. చెప్పగలిగిన వారికి అనవసరపు బిల్లు పడదు.

స్ప్రేయర్ల సంగతి

తైవాన్ స్ప్రేయరు అని మనవారు పిలుచుకొనే పవర్ స్ప్రేయర్లలోను, గడ్డి కోసే యంత్రాలలోను చాలా వరకు రెండు స్ట్రోకుల ఇంజనులే ఉంటాయి. వీటికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఒక కంపెనీ 25 పాళ్లకు ఒక పాలు అంటే, మరొక కంపెనీ 50 పాళ్లకు ఒక పాలు అంటుంది. పొరుగువాని మాట కాక పుస్తకంలోని మాటే ప్రమాణం. ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది. పెరిగితే ప్లగ్గు, సైలెన్సరు మసిబారుతాయి. కలిపిన పెట్రోలును వచ్చే పంటకు దాచవద్దు.

ఎటు వంచినా పనిచేయవలసిన కొన్ని యంత్రాలలో ఫ్లోటు గిన్నెకు బదులు పలుచని పొర గల కార్బురేటరు ఉంటుంది. పెట్రోలు ఎండిపోతే ఈ పొర అప్పడం వలె బిరుసెక్కుతుంది. అప్పుడు కడిగినా ప్రయోజనం లేదు. పొర, గాస్కెట్టు కలిపిన కిట్టు వేయించాలి. కార్బురేటరు మొత్తం మార్చటం కంటె ఇది చాలా చవక.

పని ముగిసిన నాడే వచ్చే ఏటి పని మొదలు

పై శ్రమ అంతా తప్పించే మార్గం ఒకటి ఉంది. సీజను చివరి రోజున అరగంట కేటాయించటమే. ట్యాంకులోని పెట్రోలు తీసి మోపెడ్‌లో వాడుకోండి. ఆయిలు కలిపినదైతే వేరుగా ఉంచాలి. ట్యాపు కట్టి, ఇంజనును తనంతట తాను ఆగిపోయే వరకు నడపండి. ఆపై గిన్నె అడుగు బోల్టు వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా దించండి. ప్లగ్గు విప్పి నాలుగైదు చుక్కల ఇంజను ఆయిలు వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, తిరిగి బిగించండి. యంత్రాన్ని వాన తగలని, ఎలుకలు చేరని చోట ఉంచండి. ఎలుకలు ఎయిర్ ఫిల్టరులో గూడు కట్టటం నేను స్వయంగా చూశాను.

మధ్య మధ్య పని ఉండే యంత్రమైతే నెలకు ఒకసారి పది నిమిషాలు నడిపితే చాలు. రోహిణి కార్తెలోనే, అంటే తొలకరికి పది రోజుల ముందే, ఒకసారి స్టార్టు చేసి చూసుకోవాలి. లోపం ఉంటే సరిచేసుకొనే వ్యవధి దొరుకుతుంది. వాన పడిన నాడు మెకానిక్కు మన ఒక్కరికే మెకానిక్కు కాడు.

డీలర్లకు ఒక మనవి

యంత్రం అప్పగించే రోజున పూలదండ వేసి ఫోటో తీసుకొనటం ఆనవాయితీ. ఆ ఫోటోతో పాటు మూడు పనులు రైతు చేత స్వయంగా చేయించి చూడండి: గిన్నె ఖాళీ చేయటం, ఫిల్టరు కడగటం, ప్లగ్గు విప్పి చూడటం. పదిహేను నిమిషాలు పడుతుంది. తెలుగులో వ్రాసిన ఒక పేజీ సూచనలు యంత్రంతో పాటు ఇవ్వండి. జెట్టు, సూది, గాస్కెట్టు, ప్లగ్గు వంటి చిన్న విడి భాగాలు మే నెలాఖరుకే నిలవ ఉంచండి. నిలవ పెట్రోలు వలన వచ్చిన లోపం వారంటీలోకి రాదని ముందే స్పష్టంగా చెప్పినట్లయితే తరువాత తగవులు రావు. నడుస్తున్న యంత్రాన్ని చూసే పక్క రైతు మీ దుకాణానికి వస్తాడు. మూలన పడ్డ యంత్రాన్ని చూసి ఎవరూ రారు.

మరమ్మతుకు సొమ్ము ఎక్కడిది?

కిసాన్ క్రెడిట్ కార్డు పథకం 1998లో వచ్చింది. 2012లో దానిని సవరించినప్పుడు పంట రుణ పరిమితిని లెక్కించే పద్ధతిలో ఒక సౌకర్యం చేర్చారు. పంట ఖర్చుపై 10 శాతం పంటకోత అనంతర, గృహ అవసరాలకు, 20 శాతం వ్యవసాయ ఆస్తుల మరమ్మతు, నిర్వహణకు కలిపి పరిమితి నిర్ణయించే ఏర్పాటు అది. సన్నకారు రైతులకు 10,000 నుంచి 50,000 రూపాయల వరకు సరళమైన పరిమితిని అదే సవరణలో ఏర్పరచారు. చిన్న పనిముట్ల అవసరాలు కూడా అందులో ఇమిడి ఉన్నాయి. తమ కార్డులో మరమ్మతుకు చోటు ఉన్నదని తెలియని రైతులు చాలామంది ఉన్నారు. మీ పరిమితి ఎంత, అందులో ఎంత మిగిలి ఉన్నది, మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

మరొక విషయం. బ్యాంకు అప్పుతో కొన్న యంత్రం అప్పు తీరే వరకు బ్యాంకుకు హామీగా ఉంటుంది. బ్యాంకు అనుమతి లేకుండా దానిని అమ్మరాదు. యంత్రం ఆగిపోయిన వెంటనే, కిస్తీ తప్పక ముందే, శాఖకు తెలియజేయండి. దాచటం వలన వడ్డీ పెరుగుతుందే గాని యంత్రం బాగుపడదు.

చివరగా

కిందటి సంవత్సరం ఆషాఢంలో మరొక గ్రామానికి తనిఖీకి వెళ్లాను. ఒక రైతు కిస్తీ తప్పింది. వీడరు చింతచెట్టు క్రింద ఉంది. నన్ను చూడగానే ఆయన, “కిస్తీ ఎగ్గొట్టాలని కాదు సార్. బండి కదిలితే కదా నాలుగు రూపాయలు చేతికొచ్చేది. బేరగాడు వచ్చి చూసిపోయాడు. మీరు ఊఁ అంటే ఇచ్చేస్తా” అన్నారు.

“ఒక గంట ఆగు పెద్దాయనా” అన్నాను. చోక్ వేసి తాడు లాగించాను. రెండు నిమిషాల ప్రయాస తరువాత ఇంజను దగ్గింది. చోక్ తీయగానే ఆగింది. మళ్లీ అదే. ఇంజను చల్లారిన తరువాత, పక్క ఇంటి కుర్రవాడు పది నంబరు పానా తెచ్చాడు. గిన్నెలో తేనె వంటి జిగురు, అడుగున తెల్లని పొడి. జెట్టును ఎండ వైపు ఎత్తి చూస్తే వెలుగు లేదు. కడిగి, ఊది, బిగించేసరికి గంట కాదు, గంటన్నర పట్టింది. అప్పుడు ఇంజను చోక్ లేకుండా నిలకడగా తిరిగింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. వీడరును చేను వైపు త్రిప్పుకొని వెళ్లిపోయారు. ఆ సీజనులోనే తప్పిన కిస్తీ, ఆపై కిస్తీ రెండూ జమ అయ్యాయి.

మొదట చెప్పిన ఆ మహిళా రైతుకు ఆ గంటన్నర నేను కేటాయించలేకపోయాను. అందుచేతనే ఇప్పుడు నా తనిఖీ సంచిలో కాగితాలతో పాటు ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు ఉంటున్నాయి. “నిరుపయోగము” అన్న మాట వ్రాసే ముందు జెట్టును ఒకసారి వెలుతురు వైపు ఎత్తి చూస్తున్నాను. మీ యంత్రాన్ని అమ్మదలచుకొనే ముందు మీరు కూడా ఆ పని చేయవలసిందిగా నా విన్నపం.